ఒకే పండు... రెండు నూనెలు!

వెయ్యేళ్ల కిందట తెలుగు రాజులు ఏలిన వేంగి నేలను ఇప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన ఓ చెట్టు ఏలుతోంది. దాని పండు చూస్తే ఉసిరికాయంత. కానీ కండలో ఒక నూనె, గింజలో మరో నూనె దాచుకుంటుంది. ఆ రెండు నూనెల కథ తెలుసుకుందామని ఏలూరు పక్కనున్న పెదవేగి తోటల్లో ఓ రోజంతా తిరిగితే... వంటింటి నుంచి ఇండోనేషియా దాకా ఎన్నో సంగతులు బయటపడ్డాయి!

ఏలూరు ఊరు దాటి ఉత్తరానికి తిరిగితే కాసేపట్లోనే నేల రంగు మారిపోతుంది. వెనకంతా పల్లం... కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. ముందంతా మెట్ట... ఎర్రమట్టి, బోరు మోటార్లు, నిమ్మతోటలు. ఆ మెట్ట మొదలయ్యీ అవకముందే రోడ్డుకి రెండుపక్కలా ఒకటే రకం చెట్లు. చూడటానికి కొబ్బరిచెట్టులా ఉంటుంది, కొబ్బరి కాదు. మాను చుట్టూ మట్టల మొదళ్లు పొలుసుల్లా అంటుకుని ఈతచెట్టులా ఉంటుంది, ఈతా కాదు.

‘‘పామాయిల్ చెట్టండి’’ అన్నాడు ఆటో అతను, ఇది కూడా తెలీదా అన్నట్టు!

ఇంతలో ఎదురుగా ట్రాక్టరు. ట్రక్కు నిండా ఎరుపూ నలుపూ కలిసిన గెలలు. ఒక్కోటి పదిహేను, ఇరవై కిలోలు ఉంటుంది. ముళ్ల మధ్య ఇరుక్కుని వందలకొద్దీ పండ్లు. గతుకు వచ్చినప్పుడల్లా నాలుగైదు పండ్లు రోడ్డు మీద పడి దొర్లుతున్నాయి. ఆటో ఆపి ఒకటి తీసి గోటితో గిల్లితే, నారింజరంగు నూనె వేలికి అంటుకుంది. రెండు రోజులపాటు గోళ్ల సందుల్లోంచి ఆ రంగు పోలేదు.

మన ఇంట్లో బజ్జీలు వేగే నూనె, బిస్కెట్ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో కనిపించే నూనె, తలస్నానం సబ్బులో నురగనిచ్చే నూనె... అన్నీ ఈ పండులోవే. మనలో చాలామంది రోజూ తింటూనే ఉంటాం. పండుని మాత్రం ఎప్పుడూ చూసి ఉండం.

వేంగిలో కొత్త రాజు

పెదవేగి అంటే ఇవాళ ఏలూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. ఏలూరుకు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు ఇదే వేంగీపురం. నాలుగైదు శతాబ్దాల్లో శాలంకాయనులు ఇక్కడి నుంచే పాలించారు. వాళ్ల కులదైవం చిత్రరథస్వామి... అంటే సూర్యుడు. ఏడో శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యుల రాజ్యానికి పేరే వేంగి. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ‘పింగ్-కి-లో’ అని రాసుకున్న నగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. రాజరాజ నరేంద్రుడి కాలానికి రాజధాని గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరానికి మారింది. వేంగి పల్లెగా మిగిలింది.

ఆ పాత ఊరికి గుర్తుగా మట్టిదిబ్బలు, తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక గోడలూ ఉన్నాయి. వాటికి నాలుగు దిక్కులా పామాయిల్ తోటలే.

ఈ చెట్టు సొంతూరు పశ్చిమ ఆఫ్రికా. గినీ తీరం. అక్కడివాళ్లు వేల ఏళ్లుగా దీని ఎర్రనూనెతోనే కూరలు వండుకుంటున్నారు. 1848లో నాలుగంటే నాలుగు మొక్కలు జావా దీవిలోని బోగోర్ ఉద్యానవనానికి చేరాయి. ఆగ్నేయాసియాలో లక్షల ఎకరాలకు పాకిన తోటలకు తల్లివేరు ఆ నాలుగు మొక్కలే! మన గోదావరి మెట్టకు ఇది పెద్దఎత్తున వచ్చింది మాత్రం 1990ల మొదట్లో. 1993లో రాష్ట్రం దీనికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. ఏ ప్రాంతం పంట ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో, ధర ఎలా కట్టాలో అందులో ఉంది. 1995లో పెదవేగిలోనే జాతీయ స్థాయి ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం మొదలైంది. ఇప్పుడది భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. దేశంలో పండే పామాయిల్ గెలల్లో 98 శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళలవే.

‘‘అంతకుముందు ఇక్కడ పొగాకు, చెరకు, మొక్కజొన్న వేసేవాళ్లమండి. పామాయిలు వేస్తే నెలకు రెండుసార్లు డబ్బు చేతికొస్తదన్నారు. ఉద్యోగం లాంటిదన్నమాట. అందుకే వేశాం’’ అన్నారు, మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లిన పెద్దాయన. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. అయిదెకరాల తోట. 1997లో నాటారట. ‘‘మా అబ్బాయి అయిదో తరగతిలో ఉన్నాడప్పుడు. మొక్కకు నీళ్లు పోస్తానని వెంటపడేవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటన్నాడు. చెట్లు ఇదిగో... ఇలా ఎదిగిపోయాయి’’ అంటూ తలపైకెత్తి చూపించారు. ముప్పై అయిదు అడుగులైనా ఉంటాయి.

గెల దిగితే గడియారం తిరిగినట్టే

తోటలోకి అడుగుపెడితే ఎండ ఆగిపోతుంది. చెట్టుకీ చెట్టుకీ తొమ్మిది మీటర్ల దూరం. ముక్కోణంలో నాటతారు. ఎకరానికి 57 చెట్లు. పైన మట్టలు ఒకదానికొకటి తగులుతూ పందిరి వేసినట్టుంటాయి. కింద ఎండు మట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి. వాటిమీద నడుస్తుంటే మెత్తగా దిగిపోతుంది కాలు.

గెల పండిందని ఎలా తెలుస్తుంది? పెద్దాయన పైకి చూడలేదు. నేలవంక చూశారు. ‘‘చెట్టు మొదట్లో అయిదో పదో పండ్లు రాలితే గెల పండినట్టేనమ్మా. రాలకుండా కోస్తే నీళ్లు కోసినట్టే.’’

ఆ మాట వెనక పెద్ద శాస్త్రమే ఉంది. పువ్వు పరాగం అందుకున్నాక పండు పూర్తిగా పండటానికి ఇరవై నుంచి ఇరవై రెండు వారాలు పడుతుంది. గింజలో నూనె ముందే పడుతుంది. కండలోకి మాత్రం పదిహేను, పదహారు వారాల దాకా నూనె రానేరాదు. ఉన్నదంతా నీరే. అసలు నూనె చేరేది ఆఖరి కొద్ది వారాల్లో. అందుకే వారం ముందు కోసిన గెల బరువు తూగుతుంది కానీ నూనె తూగదు!

పొడవాటి గొట్టానికి కట్టిన కొడవలితో కోత కూలీ గెలను అందుకున్నాడు. మట్ట ఒకటి తెగింది. తర్వాత దభీమని గెల. నేల అదిరినట్టయింది. అంతెత్తు నుంచి పడ్డ దెబ్బకు పండ్లు చితికి నూనె చెమర్చింది. సరిగ్గా అక్కడే గడియారం మొదలవుతుంది.

నూనె అంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం. మూడు కాళ్ల పీటను ఊహించుకోండి. పైన పలక గ్లిజరాల్. మూడు కాళ్లు మూడు కొవ్వు ఆమ్లాలు. ఏ నూనె అయినా దాదాపుగా ఇంతే. తేడా అంతా ఏ కాళ్లు తగిలించారన్నదే. పండు చితికితే దాని కణాల్లోని లైపేజ్ అనే ఎంజైమ్ బయటికొచ్చి ఆ కాళ్లను ఊడదీయడం మొదలుపెడుతుంది. ఊడిన కాళ్లే ‘స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు’. అవి పెరిగితే నూనె చేదెక్కుతుంది, పాడవుతుంది. శుద్ధి చేసేటప్పుడు వాటిని తీసేయాలి. అంటే అంతమేరా నష్టమే. ముడినూనెలో అవి అయిదు శాతం దాటకూడదన్నది లెక్క. అందుకే గెల కోసిన 24 గంటల్లోపు ఫ్యాక్టరీకి చేరాలంటారు.

అక్కడ మొదట చేసే పని గెలల్ని ఆవిరితో ఉడికించడం. పెద్ద ఇనుప గదిలో పెట్టి గంటా గంటన్నర పాటు 130 డిగ్రీలకు పైబడిన వేడి తగిలిస్తారు. దాంతో లైపేజ్ చచ్చిపోతుంది. పండ్లు గెల నుంచి విడివడతాయి. తర్వాత కండను మరలో పిండితే ఎర్రటి ముడినూనె. మిగిలిన పీచు, గింజల పెంకులు బాయిలర్‌లోకి వంటచెరుకు. ఖాళీ గెలలు తిరిగి తోటకు ఎరువు. ఏదీ వృథా పోదు.

‘‘చెప్పడానికి బానే ఉంటదండి. పొద్దున్నే కోస్తాం. కూలీలు దొరకరు. దొరికితే ట్రాక్టరుండదు. అన్నీ కుదిరి వెళ్తే గేటు దగ్గర వరస. వానాకాలం గెలలు ఎక్కువొచ్చినప్పుడు రాత్రి అక్కడే పడుకున్న రోజులున్నాయి’’ అన్నారు పెద్దాయన. ఆ రాత్రంతా ట్రక్కులో లైపేజ్ మాత్రం నిద్రపోదు కదా!

పెంకుకి అటూ ఇటూ

ఇప్పుడు ఆ పండుని అడ్డంగా కోద్దాం. పైన పలచటి తొక్క. తర్వాత నారింజరంగు కండ. నడుమ నల్లటి గట్టి పెంకు. లోపల తెల్లటి పప్పు. అచ్చంగా చిట్టి కొబ్బరికాయే!

కండ నుంచి తీసింది పామాయిల్. ఇందులో 44 శాతం పామిటిక్ ఆమ్లం, 39 శాతం దాకా ఒలియిక్, ఓ పది శాతం లినోలియిక్, నాలుగైదు శాతం స్టియరిక్ ఉంటాయి. అంటే సగం గట్టిది, సగం పలచనిది. పప్పు నుంచి తీసిన నూనె తీరే వేరు. అందులో దాదాపు 48 శాతం లారిక్ ఆమ్లం. మరో 16 శాతం మిరిస్టిక్. ఒలియిక్ పదిహేను శాతమే. ఈ లెక్క ఎక్కడో చూసినట్టుంది కదూ... అవును, కొబ్బరినూనె! పెంకు లోపలున్నది కొబ్బరికి కవల.

పేర్లు కూడా తమాషాగా ఉంటాయి. పామిటిక్ ఆమ్లాన్ని 1840లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్మండ్ ఫ్రెమీ పామాయిల్‌లోనే కనిపెట్టాడు. అందుకే ఆ పేరు. లారిక్‌కి లారెల్ చెట్టు పేరు. మిరిస్టిక్ దొరికింది జాజికాయలో. దాని శాస్త్రీయనామం మిరిస్టికా. ఒలియిక్ అంటే లాటిన్‌లో నూనె అనే మాటే.

ఒకటి గట్టిగా, ఒకటి పలచగా ఎందుకుంటుంది? కొబ్బరి ఈనెల చీపురు చూడండి. ఈనెలు నిటారుగా ఉంటాయి కాబట్టి పక్కపక్కన బిగుతుగా సర్దుకుంటాయి. పామిటిక్, స్టియరిక్, లారిక్... ఇవి నిటారు ఈనెలు. వీటినే సంతృప్త కొవ్వులంటారు. ఒలియిక్‌లో మధ్యలో ఒక వంపు ఉంటుంది. వంగిన పుల్లల్ని ఎంత కట్టగట్టినా సందులుంటాయి. అందుకే ఒలియిక్ ఎక్కువున్న నూనె పలచగా పారుతుంది. ఇక నిటారు ఈనెల్లోనూ పొట్టివి, పొడవువి ఉన్నాయి. లారిక్‌లో 12 కార్బన్లు, పామిటిక్‌లో 16. పొట్టివి తొందరగా కరుగుతాయి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర కరగడానికి కారణం అదే. సంక్రాంతి చలిలో సీసాలో గడ్డకట్టి, ఎండలో పెట్టగానే నీరైపోతుంది.

ఒకప్పుడు రేషన్ షాపులో ఇచ్చిన పామోలిన్ గుర్తుందా? చలికాలం వచ్చిందంటే డబ్బా అడుగున తెల్లగా పేరుకునేది. కల్తీ అని పోట్లాటలయ్యేవి. కల్తీ కాదు, పామిటిక్! ముడినూనెను చల్లబరిచి గట్టిభాగాన్ని వడగట్టేయగా మిగిలిన పలచటి నూనే పామోలిన్. అలా వడగట్టినా నిటారు ఈనెలు కొన్ని మిగిలే ఉంటాయి. చలికి అవి ఒకచోట చేరతాయి.

ఒకే చెట్టు, ఒకే పండు, అవే వేర్లు, అవే నీళ్లు. మరి రెండు నూనెలెందుకు? పండు కండ బయటివాళ్ల కోసం. కాకులు, గోరింకలు, ఉడతలు తిని గింజను దూరంగా పడేయాలి. అది దారి ఖర్చు. పప్పులోది బిడ్డ కోసం. గింజ మొలకెత్తి, ఆకు వేసి, సొంతంగా అన్నం వండుకునేదాకా తినడానికి అమ్మ కట్టిచ్చిన చద్దిమూట. కొవ్వు ఆమ్లం గొలుసు అల్లుకుంటూ పోతున్నప్పుడు పప్పులో ఒక ఎంజైమ్ 12 దగ్గరే తెంపేస్తుంది. కండలో ఉన్నది 16 దాకా ఆగుతుంది. అంతే తేడా. అన్నట్టు, పెంకు మందాన్ని నిర్ణయించేది కూడా ఒకే ఒక్క జన్యువు. మందపు పెంకు ‘డ్యూరా’ని, పెంకు లేని ‘పిసిఫెరా’తో కలిపితే పలచటి పెంకు, ఎక్కువ కండ ఉన్న ‘టెనెరా’ పుడుతుంది. ఈ సంగతి 1941లో బెల్జియన్ కాంగోలో తేలింది. మన తోటల్లో ఉన్నదంతా టెనెరానే.

నీడలో మరో కొవ్వు

పెద్దాయన పక్కతోటకు తీసుకెళ్లారు. అక్కడ పామాయిల్ చెట్ల నీడలో మనిషెత్తు చెట్లు. కొమ్మలకు కాకుండా మానుకే అతుక్కుని పసుపుపచ్చని కాయలు. కోకో! చాకొలెట్ ఇక్కడి నుంచే మొదలవుతుంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ నీడల్లో వేస్తారు. కాయ పగలగొట్టి, గింజల్ని వారం దాకా పులియబెట్టి, ఎండబెడతారు.

ఆ గింజలో సగానికి పైగా కొవ్వే. దాని కూర్పు ఇంకో రకం. స్టియరిక్ 35 శాతం దగ్గర, ఒలియిక్ కూడా ఇంచుమించు అంతే, పామిటిక్ 26. ఈ మూడూ ఒక పద్ధతిలో కూర్చుని ఉండటంవల్ల చాకొలెట్ చేతిలో గట్టిగా ఉండి, నోట్లో పెట్టగానే 34 డిగ్రీల దగ్గర చటుక్కున కరిగిపోతుంది. మామిడి టెంకలోని జీడిలో ఉండే కొవ్వు కూడా స్టియరిక్, ఒలియిక్‌లతో దీనికి దగ్గర చుట్టం. అందుకే కోకో వెన్నకు బదులుగా దాన్నీ వాడతారు. నూజివీడు రసాలు ఇక్కడికి దగ్గరే కదా. మనం చీకి పారేసే టెంకలో చాకొలెట్ బంధువు ఉందన్నమాట!

2024లో పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను పదివేల డాలర్లు దాటింది. ‘‘ఆ ఒక్క ఏడూ పైచెట్టు కన్నా కింద చెట్టే మేలనిపించిందమ్మా. మళ్లీ దిగిపోయింది’’ అన్నారు పక్కతోట రైతు. ఈ ఊళ్లో ధరల మాట వచ్చిందంటే అందులో ఏదో ఒక పరాయి దేశం పేరు ఉండాల్సిందే.

జకార్తాలో తుమ్మితే...

అది నిజం. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మే 23న మళ్లీ వదిలింది. ఆ నెలల్లో మన వంటింట్లో నూనె ప్యాకెట్ మండిపోయింది. పెదవేగిలో మాత్రం గెలల ధర టన్ను 20 వేల రూపాయలు దాటి పండగ చేసింది. ఏడాది తిరక్కుండానే కిందికి జారింది. మనం దిగుమతి చేసుకునే వంటనూనెల్లో సగానికి దగ్గరగా ఉండేది పామాయిలే మరి. దాని ధర అక్కడ కదిలితే గెల ధర ఇక్కడ కదులుతుంది. దిగుమతి సుంకం పెంచినా తగ్గించినా అంతే. ఈ ఆధారపడటం తగ్గించాలనే 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ వంటనూనెల మిషన్ తెచ్చింది.

గెల ధర కట్టేది నూనె శాతం మీద. అంటే నూరు కిలోల గెలల నుంచి ఎన్ని కిలోల నూనె వస్తుందన్నది. అది ఒక్క శాతం తగ్గితే టన్నుకు పది కిలోల నూనె పోయినట్టే. ఎకరానికి ఎనిమిది టన్నుల చొప్పున అయిదెకరాలకు నలభై టన్నులు అనుకుంటే నాలుగు వందల కిలోలు! కానీ ఆ శాతం ఏ ఒక్కరి తోటదీ కాదు, అందరి సగటు. ‘‘నేను రాలేదాకా ఆగి కోస్తా. ఇంకొకాయన తొందరపడి పచ్చివి కోస్తాడు. ధర ఇద్దరికీ ఒకటే. మరీ పచ్చివైతే గేటు దగ్గర తీసేస్తారనుకోండి. కానీ నా గెలలో నూనె ఎక్కువుందని ఎవరు చూస్తారు?’’ అని అడిగారు పెద్దాయన. ఆయన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఇక నీళ్లు. ఈ చెట్టు ఏడాది పొడుగునా వానలు పడే చోట పుట్టింది. ఇక్కడేమో నాలుగు నెలల వాన, మిగతాదంతా బోరు. చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు కావాలి. ఎండాకాలం ఇంకా ఎక్కువ. 200 చొప్పున 57 చెట్లకు లెక్కేస్తే ఎకరానికి రోజుకు 11,400 లీటర్లు. వరికన్నా తక్కువేనంటారు నిజమే కానీ, ఇది ఏడాదంతా తాగుతుంది. నీళ్లు తక్కువైతే చెట్టు వెంటనే చెప్పదు. ఆడపువ్వులు తగ్గించి మగపువ్వులు ఎక్కువ వేస్తుంది. గెలలు తగ్గాయని తెలిసేసరికి ఏడాది, రెండేళ్లు దాటిపోతుంది. అంటే ఈ ఏటి కోత ఎప్పుడో ఎండిన బోరు చెప్పే ఫిర్యాదన్నమాట! మరోపక్క, హెక్టారుకు నాలుగైదు టన్నుల నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు. వేరుశనగ, ఆవాలు ఒక టన్ను కూడా ఇవ్వవు. మేలూ కీడూ రెండూ ఈ చెట్టుకే ఉన్నాయి.

మరి మనం తినొచ్చా?

ఆదివారం పూట గారెలు వేస్తూ అమ్మలందరూ అడిగే ప్రశ్న ఇది. మొదటి సంగతి... మొక్కల నూనెల్లో కొలెస్ట్రాల్ దాదాపుగా ఉండదు. పామాయిల్‌లో కూడా. కాబట్టి ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ప్యాకెట్ మీద రాసుకోవడం గొప్పేం కాదు. అసలు విషయం పామిటిక్ ఆమ్లం. ఎక్కువగా తింటే ఒంట్లో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. రోజంతా తినే శక్తిలో సంతృప్త కొవ్వుల వాటా పది శాతం లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇందులో పామాయిల్, కొబ్బరి, నెయ్యి, వెన్న అన్నీ కలిపే లెక్క. నూనెలు మార్చి మార్చి వాడండి, మొత్తమ్మీద తగ్గించండి అన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా.

రెండోది... వేపుళ్లకూ బిస్కెట్లకూ ఒకప్పుడు వాడిన వనస్పతిలో ట్రాన్స్ కొవ్వులుండేవి. అవి ఇంకా ప్రమాదం. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వాటిని రెండు శాతానికి పరిమితం చేశారు. సహజంగానే సగం గట్టిగా ఉండే పామాయిల్ ఆ ఖాళీని నింపింది. కాబట్టి ఇంట్లో పోసుకునే నూనె కన్నా ప్యాకెట్లలో మనకు తెలీకుండా తినేదే చూసుకోవాలి. ఎర్రటి ముడినూనెలో క్యారట్లకు రంగునిచ్చే కెరోటిన్లు కిలోకు 500 నుంచి 700 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. శుద్ధి చేసి తెల్లబరిచేటప్పుడు అవి పోతాయి. రంగుతోపాటే విటమిన్ కూడా!

కూర్పునే మార్చలేమా? ఆ ప్రయత్నమూ జరుగుతోంది. దక్షిణ అమెరికాలో ఈ చెట్టుకు ఓ చెల్లెలుంది. పొట్టిగా, నెమ్మదిగా ఎదుగుతుంది. దాని నూనెలో ఒలియిక్ ఎక్కువ, పామిటిక్ తక్కువ. ఆఫ్రికా చెట్టుతో దాన్ని కలిపి పుట్టించిన సంకరజాతిని కొలంబియాలో ఇప్పటికే సాగుచేస్తున్నారు. అందులో సగానికి పైగా ఒలియిక్కే. చిక్కేమిటంటే వాటి పూలకు మనుషులే పరాగం అద్దాలి. మామూలు తోటల్లో ఆ పని ఒక చిన్న ముక్కుపురుగు చేస్తుంది. దాన్ని 1981లో కామెరూన్ నుంచి మలేషియాకు తీసుకెళ్లేదాకా అక్కడా కూలీలే చేసేవారు.

‘‘పొట్టి చెట్టు’’ అనగానే పెద్దాయన కళ్లు మెరిశాయి. నూనె సంగతి కాదు, ఎత్తు సంగతి. ఇరవై ఎనిమిదేళ్లు దాటిన తోటను కొట్టేసి కొత్తది నాటాల్సిన సమయం వచ్చింది. కొడితే మూడు నాలుగేళ్లు పైసా రాదు. కొట్టకపోతే ఇంతెత్తు చెట్టెక్కి కోసేవాడు దొరకడు. ‘‘మా వాడు ఫోన్‌లో ‘అమ్మేద్దాం నాన్నా’ అంటాడు. నేనేమో సగం కొడదామనుకుంటన్నా. ఒకవైపు ముసలి చెట్లు అన్నం పెడతంటే, ఇంకోవైపు పిల్లచెట్లు ఎదుగుతాయి కదమ్మా?’’

సాయంత్రమైంది. గెలలన్నీ ట్రక్కులోకి ఎక్కాయి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పెద్దాయన మాత్రం ఎరువుల సంచీ ఒకటి పట్టుకుని చెట్టు మొదట్లో వంగి, రాలిన పండ్లు ఒక్కొక్కటే ఏరుతున్నారు. ‘‘ఆగు అబ్బాయ్, వీటిని వదిలేస్తే ఎట్టా? రాలినవాటిలోనే కదా నూనంతా!’’

సంచీ ట్రక్కులో పడింది. ట్రాక్టరు కదిలింది. ఆ రాత్రి గేటు దగ్గర వరస లేకుండా ఉంటే బాగుండుననిపించింది.

వెళ్లాలనుకుంటే...

ఏలూరు చెన్నై - హౌరా రైలుమార్గంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అక్కడి నుంచి పెదవేగికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. తోటలన్నీ రైతులవే కాబట్టి అడిగి వెళ్లాలి. కోత జరుగుతున్నప్పుడు చెట్టు కింద నిలబడొద్దు. అదే దారిలో కామవరపుకోట దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలు, ఇంకోవైపు ద్వారకా తిరుమల కూడా చూసి రావచ్చు. ఒక్కోటి ఏలూరుకు సుమారు నలభై కిలోమీటర్ల దూరం.